రైలు కంటే ముందు వచ్చిన కిరాయి

పట్టణ ప్రణాళిక శాఖలో పనిచేశానంటే మా బంధువులు ఇప్పటికీ "ఇళ్ల ప్లాన్లు పాస్ చేసేవాళ్లు కదా?" అంటారు. సర్వీసంతా ఆ మాట సరిదిద్దుతూనే గడిచింది. ప్లాన్లు పాస్ చేసేవాళ్లు వేరే. ఊరు రేపు ఎటు పెరగాలి, రోడ్డు ఎక్కడ, బడి ఎక్కడ, బజారు ఎక్కడ అని కాగితం మీద గీసేవాళ్లం మేము. గీసినదంతా జరగలేదు. జరిగినదంతా మేము గీసిందీ కాదు.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీరు చేసినవాటిలో పెద్ద ప్రాజెక్టు ఏది మేడం?" అని అడుగుతారు. పెద్దవాటికి శిలాఫలకాలున్నాయి, నేను చెప్పక్కర్లేదు. నాకు గుర్తుండిపోయింది శంషాబాద్ పాత బజారు. మీకూ అదే చెబుతాను.

నా రిటైర్మెంట్ దగ్గరపడుతున్న రోజులవి. నగరం నుంచి ఉందానగర్ దాకా లోకల్ రైలు పొడిగిస్తారన్న మాట గట్టిగా వినిపిస్తోంది. ఉందానగర్ స్టేషన్ శంషాబాద్ ఊరి అంచునే ఉంటుంది. విమానాశ్రయం వచ్చాక చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాయి కానీ పాత ఊరు మాత్రం ఇరుగ్గా, సందడిగా అలాగే ఉండేది. రోడ్డు మీద షట్టర్ల దుకాణాలు, వెనక సందులు, సందుల్లో గది మీద గది. ఎయిర్‌పోర్టులో ఊడ్చేవాళ్లు, సామాన్లు ఎక్కించేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు ఎందరో ఆ గదుల్లో కిరాయికి ఉండేవారు.

మాకు అప్పగించిన పని ఇది: రైలు వస్తే ఆ చిన్న ఊరి నడిబొడ్డును ఎలా మార్చుకోవచ్చో చెప్పాలి. స్టేషన్ నుంచి నడిచి చేరగలిగినంత మేర ఎత్తు భవనాలకు అనుమతివ్వడం, కింద దుకాణాలు, పైన ఇళ్లు, ఆఫీసులు, నడవడానికి వెడల్పాటి కాలిబాటలు. జనం రైలు దిగి, కూరగాయలు కొనుక్కుని, నడుచుకుంటూ ఇంటికి పోవాలి. కారు అవసరం ఉండకూడదు. నేను ఆ ఆలోచనను మనసారా నమ్మినదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను. ఈ కథ చెబుతున్నది ఆ నమ్మకం పోయి కాదు.

నాతో పనిచేసిన అసిస్టెంట్ ప్లానర్‌కు అప్పటికి ముప్పై దాటాయి. అక్కడికి దగ్గర్లోని మామిడిపల్లి రైతు కుటుంబం వాళ్లది. మాట తక్కువ, గీత శుభ్రం. మేము మొదటిసారి ఊరు చూడటానికి వెళ్లిన రోజు మధ్యాహ్నం నన్ను ఒక మెస్‌కు తీసుకెళ్లాడు. ఒకే షట్టరు. ముందు బల్లలు, వెనక పొయ్యి. నడిపేది మహేశ్వరం వైపు నుంచి వచ్చిన ఆవిడ. అత్తవారి భూమి ప్లాట్లకు పోయాక భర్త డ్రైవింగ్‌లో చేరాడట, ఈవిడ ఇక్కడికొచ్చి వంట మొదలుపెట్టింది. అందరూ అక్కా అనే పిలుస్తారు. డ్యూటీ దిగినవాళ్లు యూనిఫారాలతోనే వచ్చి కూర్చుంటున్నారు. ఆవిడ ఎవరికి కారం తగ్గించాలో, ఎవరు పెరుగు ముట్టరో అడక్కుండానే వడ్డిస్తోంది.

మేము వచ్చిన పని తెలిసి ఆవిడ సంబరపడింది.

"రైలొస్తే మంచిదే మేడం. ఫలక్‌నుమా దిక్కు నుంచి వచ్చే ఆడపిల్లలు ఆటోల కోసం పరేషాన్ అయితున్రు. రైలొస్తే ఈడ దిగుతరు, తింటరు, పోతరు. నాకూ గిరాకి పెరుగుతది గద!"

పక్క షట్టరు ఒక ముసలి దర్జీది. అన్నం తినడానికి వచ్చి మా మాటలు విన్నాడు. "మేడం, రైలుల కూసోనీకె జాగ దొర్కుతదా? బస్సుల నిలబడి నిలబడి మోకాళ్లు పోయినయ్" అన్నాడు. అందరం నవ్వాం. తప్పకుండా దొరుకుతుందన్నాను.

బయటికొచ్చాక మా అసిస్టెంట్ అడిగాడు. "మేడం, స్టేషన్ రోడ్డు మంచిగైనంక వీళ్లు ఈడ ఉంటరా?"

"ఎందుకుండరు? ఆవిడే అంది కదా, గిరాకీ పెరుగుతుందని."

"గిరాకితో పాటు కిరాయి కూడ పెరుగుతది గద మేడం."

"అది మార్కెట్ చూసుకుంటుంది" అన్నానేమో, లేక ఊరుకున్నానేమో. అతను మాత్రం నా దగ్గర మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇద్దరం జీపెక్కాం.

ఆ వరసలో చాలా షట్టర్లకు యజమాని ఒక పెద్దాయన. పాత రైతు. తెల్ల ధోవతి, భుజాన తువ్వాలు, చేతిలో ఎప్పుడూ ఫోను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన దుకాణాల ముందు భాగం కొంత పోయింది. ఆ కోపం ఆయనకు ఇంకా తీరలేదు. అయినా స్టేషన్ సంగతి చెప్పగానే మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "ఎన్ని అంతస్తులకు పర్మిషన్ ఇస్తరు?" అని ఒక్కటే ప్రశ్న, తిప్పి తిప్పి అడిగాడు.

తర్వాత నెలల్లో మేము కలిసిన వాళ్లంతా ఆయనలాంటివాళ్లే. ఎవరితో మాట్లాడాలన్నా మాకు దొరికే పేర్లు ఇంటిపన్ను కట్టేవాళ్లవి. షట్టరు లోపల కూర్చున్నవాడు పన్ను కట్టడు కాబట్టి మా దృష్టిలో అక్కడ లేడు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆఫీసులు అలాగే నడుస్తాయి.

చివరికి ప్రజాభిప్రాయ సభ పెట్టారు. ఊళ్లోనే ఒక ఫంక్షన్ హాలు. ముందు రోజు పెళ్లి జరిగినట్టుంది, వేదిక వెనక బంతిపూల దండలు వాడిపోయి వేలాడుతున్నాయి. ముందు వరసల్లో మెత్తటి కుర్చీలు. యజమానులు, ప్లాట్ల వ్యాపారులు, నాయకులు. వెనక ప్లాస్టిక్ కుర్చీలు. వాటి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు. మెస్ అక్క అక్కడే ఉంది. పక్కన దర్జీ.

మా డైరెక్టర్ మాట్లాడారు. చెడ్డవాడని అనుకోకండి. పని తెలిసిన మనిషి, పొద్దుటే ఆఫీసుకు వచ్చే మనిషి. తెర మీద బొమ్మలు వేస్తూ చెప్పారు. బొమ్మల్లో చెట్లున్నాయి, అద్దాల దుకాణాలున్నాయి, సైకిళ్ల మీద పోయే జనం ఉన్నారు. ఆ జనంలో ఒక్కరూ శంషాబాద్ వాళ్లలా లేరు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ముందు వరసలన్నీ కొట్టాయి.

"ఇంకెవరైనా మాట్లాడాలనుకుంటే మైకు దగ్గరికి రండి" అన్నారు డైరెక్టర్.

మెస్ అక్క చెయ్యి కొంచెం పైకి లేచింది. నేను వేదిక మీది నుంచి చూస్తూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే పెద్దాయన ఎవరొస్తారా అని వెనక్కి తిరిగాడు. చెయ్యి దిగిపోయింది. కొంగు సర్దుకున్నట్టు చేసింది.

మా అసిస్టెంట్ వేదిక మీద ఓ మూల కంప్యూటర్ దగ్గర కూర్చుని బొమ్మలు మారుస్తున్నాడు. లేచాడు. నీళ్లకేమో అనుకున్నాను. మెట్లు దిగి, మెడలోని ఆఫీసు కార్డు తీసి జేబులో పెట్టుకుని, మైకు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"నమస్తే సార్. నేను ఈ బజార్ వెనక సందుల కిరాయికుంట. మామిడిపల్లిల మా తాత పొలం ఉండె. ఇప్పుడు ఆ పొలంల ఎవరిదో ఇల్లున్నది, నేను ఈడ కిరాయికున్న. నాది ఒక్కటే సవాల్. స్టేషన్ వచ్చినంక ఈ షట్టర్లల్ల ఇప్పుడున్నోళ్లు ఉంటరా? మీ ప్లాన్ల దీనికి ఏమన్న రాసిన్రా?"

డైరెక్టర్ మైకు మూసి, వంగి, "నువ్వు మన స్టాఫయ్యా!" అన్నారు. మూసినా అందరికీ వినిపించింది.

"అవును సార్. ఈడ నిలబడ్డంక మాత్రం ఊరోన్నే."

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో గోడకు ఆనుకున్నవాళ్లు కదిలారు. దర్జీ వచ్చాడు. ఈ దుకాణంలో కుట్టడం మొదలుపెట్టినప్పుడు తన గడ్డం నల్లగా ఉండేదన్నాడు, వేరేచోటికి పోతే గిరాకీ తన వెంట రాదన్నాడు. పంక్చర్ దుకాణం అతను వచ్చాడు. చివరికి మెస్ అక్క. ఆవిడ వేదిక వైపు చూడనే లేదు. పెద్దాయన కుర్చీ వైపు తిరిగి అడిగింది.

"బాపూ, నన్ను ఉంచుతవా?"

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఏందమ్మా, నేనెప్పుడన్న నిన్ను పొమ్మన్ననా?"

"ఇప్పటిదాక అనలే బాపూ. రేపటి సంగతి అడుగుతున్న."

ఆయన జవాబు చెప్పలేదు. డైరెక్టర్ అందరి అభిప్రాయాలూ నమోదు చేసుకున్నామని చెప్పి, చాయ్ తాగి వెళ్లమని సభ ముగించారు.

ఆఫీసు దగ్గర దిగుతూ డైరెక్టర్ నాతో అన్నారు. "అతనికి మెమో ఇస్తున్నాను. మీ అభిప్రాయం రాసి పంపండి."

నేను అసిస్టెంట్‌ను పిలిచి బాగా కోప్పడ్డాను. ఆ ప్రశ్న నాతో గదిలో అడగొచ్చు కదా అన్నాను.

"అడిగిన మేడం" అన్నాడు. అంతే. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అతను నిజంగా అడిగాడు.

రెండు రోజులు ఆ మెమో కాగితం నా బల్ల మీదే పెట్టుకున్నాను. తర్వాత రాశాను: ఆ ప్రాంతంలో నివసించే ఎవరైనా మాట్లాడవచ్చునని సభ గురించి మనమే ప్రకటించాం, అతను ఆ ప్రాంత నివాసి, ఉద్యోగి అయితే నోరు మెదపరాదని ఆ ప్రకటనలో లేదు, పైగా అతను అడిగిన ప్రశ్నకు మన నివేదికలో సమాధానం లేదు కాబట్టి అది మనకు పనికివచ్చే ప్రశ్న. డైరెక్టర్ చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"రిటైరయ్యే ముందు మీకెందుకమ్మా ఇవన్నీ? మనం గీసేది మ్యాపు. కిరాయి మన చేతిలో ఉందా?"

"లేదండీ. కానీ అదనపు అంతస్తులు మన చేతిలో ఉన్నాయి కదా. ఎక్కువ అంతస్తులు కావాలన్న వాళ్లు కింద ఇప్పుడున్న అద్దెదారులకు కొన్నేళ్ల పాటు చోటివ్వాలని షరతు పెట్టొచ్చు."

ఆ షరతు కోసం నేను చాలా తిరిగాను. న్యాయ విభాగం చట్టంలో దారి లేదంది. ఆర్థిక విభాగమేమో, కింది అంతస్తు మీదే కదా రాబడి అంది. చివరికి నివేదికలో అది 'సూచన'గా మిగిలింది. మా ఆఫీసుల్లో సూచన అంటే ఇంతే. అందరూ చదువుతారు, ఎవరికీ పట్టదు. మెమో మాత్రం వెనక్కి తీసుకున్నారు. తీసుకున్న నెలలోనే మా అసిస్టెంట్‌కు దూరపు జిల్లాకు బదిలీ వచ్చింది. శిక్ష కాదని, పాలనా సౌలభ్యమని రాశారు. అతను వెళ్లే రోజు ఊరి మ్యాపులన్నీ చుట్టి, పేర్లు రాసి, నా బీరువాలో సర్ది వెళ్లాడు.

ఓ రోజు పెద్దాయన మా ఆఫీసుకు వచ్చాడు. అంతస్తుల కోసమే వచ్చాడనుకుని, "ఇంకా ఖరారు కాలేదండీ" అన్నాను.

"అది కాదు మేడం. ఆ రోజు మీ పిలగాడు అడిగిండు గద. ఉన్నోళ్లను ఉంచుతనని కాయితం రాయాలంటే ఎట్ల రాస్తరు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అది మా ప్లానులో లేదని, కేవలం సూచన అని చెప్పాను.

"మీ ప్లాన్ల లేకుంటే ఏంది? దుకానం నాది గద!"

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎందుకీ ఆలోచన వచ్చిందని అడిగాను. దయ, ధర్మం అంటాడేమోనని నా ఊహ. ఆయన కొంచెం చిరాకుపడ్డాడు.

"దుకాన్లు నడిపెటోనికి తెలుస్తది మేడం. బ్యాంకోడొచ్చిండు, మొబైల్ కంపెనోడొచ్చిండు. ఎక్కువిస్తమన్నరు. రెండేండ్లకు బోర్డు పీకి పోతరు. ఆమె మెస్ కోసం మంది వస్తరు. వచ్చినోళ్లు పక్కన చెప్పులు కొంటరు, ఫోన్ బాగు చేయించుకుంటరు. ఆమె పోతే నా లైనంత సల్లబడ్తది." తువ్వాలు సర్దుకుని అన్నాడు. "ఇంకోటి. అంతమంది ముంగట బాపూ అని అడిగింది. జవాబు చెప్పకపోతిని. ఇంటికి పోయినంక మా ఇంటామె నాకు అన్నం పెట్టుకుంట ముఖం తిప్పుకున్నది."

వకీలుతో మాట్లాడి, చాలా ఏళ్లకు సరిపడా రిజిస్టరు కిరాయి ఒప్పందం ఎలా రాయించుకోవాలో చెప్పాను. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"మేడం, అంతస్తుల సంగతి కూడ జర చూడున్రి."

నవ్వొచ్చింది. చూస్తానన్నాను.

మెస్ అక్కకు, చెప్పుల దుకాణానికి ఆయన కాగితాలు రాసిచ్చాడు. దర్జీ గది ఆయనది కాదు, ఆయన తమ్ముడి వాటాలోది. తమ్ముడు నగరంలో ఉంటాడు. రాయనన్నాడు.

ఆ తర్వాత జరిగింది మేమెవరం అనుకోలేదు. నివేదిక ఇంకా అల్మారాలోనే ఉంది. ఒక్క ఇటుకా పడలేదు, రైలూ రాలేదు. అయినా ఊరంతా 'స్టేషన్‌కు నడక దూరం' అని బోర్డులు లేచాయి. సభలో మేము చూపించిన బొమ్మలే ఆ బోర్డుల మీద ఉన్నాయి, అవే సైకిళ్లు, అదే జనం. సందుల్లో గదుల కిరాయి పెరిగింది. బజారులో మరీ పెరిగింది. పంక్చర్ దుకాణం అతను ఎటో వెళ్లిపోయాడు. దర్జీ కూడా ఖాళీ చేశాడని మెస్ అక్క ఫోను చేసి చెప్పింది. నేను అప్పటికి రిటైరయ్యాను.

ఇది విన్న పిల్లలు "అయితే ప్లాను తప్పా మేడం?" అని అడుగుతారు. నేను అలా అనను. ఊరికి రైలు కావాలి. స్టేషన్ దగ్గరే జనం ఉండాలి, అదీ నిజమే. కానీ మనం ఒక వీధికి మంచి రోజులు రాబోతున్నాయని బొమ్మ గీసి చూపించిన క్షణం నుంచే ఆ వీధిలో ధర మారుతుంది. మంచి రోజులు వచ్చేసరికి వాటి కోసం ఎదురుచూసినవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు. ఉండాలంటే ఆ మాట మొదటి బొమ్మతో పాటే రాయాలి. తర్వాత రాస్తే అది సూచన అవుతుంది.

లోకల్ రైలు చివరికి ఉందానగర్ దాకా వచ్చింది. ట్రిప్పులు తక్కువే. ఈ మధ్య మా పాత అసిస్టెంట్ ఫోను చేశాడు. నగరానికి బదిలీ మీద తిరిగొచ్చాడు, ఇప్పుడు ఒకప్పటి నా హోదాలో ఉన్నాడు. "పోదాం రండి మేడం, రైలుల" అన్నాడు. ఇద్దరం ఎక్కాం. కిటికీ పక్కన కూర్చుని పోయాం.

మెస్ అక్కడే ఉంది. పైన రెండు అంతస్తులు లేచాయి. కట్టినన్నాళ్లూ వెనక రేకుల కింద వండిందట. పొద్దుటి రైలుకు వచ్చే అమ్మాయిలు డబ్బాలు నింపించుకుని పోతారని చెప్పింది. మా అసిస్టెంట్‌ను చూసి, "ఏం తమ్మీ, ఆఫీసరైనవట! ఇంత బక్కగైనవేంది?" అని మళ్లీ మళ్లీ వడ్డించింది. పక్క షట్టరులో ఇప్పుడు ఏదో కంపెనీ ఫోన్లు అమ్ముతున్నారు. లోపల ఏసీ, ఒక్క గిరాకీ లేదు.

"దర్జీ ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"సాతంరాయిల మేడం. కొడుకు ఇంటి ముంగట మిషన్ పెట్టుకున్నడు. గిరాకి లేదు. పొద్దుగాల షట్టర్ లేపంగనే సలామ్ చెప్పెటోడు. ఇప్పుడు ఎవరున్నరు?" అంది.

సాతంరాయి అక్కడికి మరీ దూరం కాదు, నడిచే దూరమూ కాదు. ఆటో మాట్లాడుకుని వెళ్లాం. దర్జీ ఓ చిన్న ఇంటి వరండాలో కూర్చుని బడి యూనిఫారాలకు గుండీలు కుడుతున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గుర్తుపట్టాక లేచి నిలబడబోయాడు, మోకాళ్లు సహకరించలేదు. వద్దన్నాం. కోడలు చాయ్ తెచ్చింది. పాత దుకాణం ఊసు అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఎలా వచ్చారని అడిగాడు. రైల్లో వచ్చామన్నాను.

"ఆఖరికి వచ్చింది గద!" అని సంతోషంగా తలాడించాడు. "నేను ఇంకా ఎక్కలే మేడం. ఈడికెల్లి స్టేషన్ దూరమైంది. ఎట్లున్నది? కూసోనీకె జాగ దొర్కుతదా?"

"దొరుకుతుంది" అన్నాను. "సగం ఖాళీగానే ఉంది."